పేడలో గింజ

బాన్సువాడ పండరి పటేలు ఎద్దు రోజూ మూడు సేర్ల జొన్నలు మింగుతోంది. అయినా పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. చెరుకు బండ్లు కట్టే రోజులు దగ్గరపడ్డాయి. పటేలు నిజామాబాదు నుంచి పశువుల డాక్టరును పిలిపించాడు.

"జొన్నలెట్ల వెడ్తున్నరు?"

"గింజలు గింజలే. మా తాత నాటి సంది గంతే."

"గదే తప్పు, పటేల్ సాబ్. ఎద్దు నమలకుండ మింగుతది. సగం గింజ అరగక పేడల వడ్తది. నానవెట్టి, దంచి, ఇంత ఉప్పు, గానుగ పిండి కలిపి పెట్టుండ్రి."

పటేలు పేడకుప్పను కర్రతో కెలికాడు. ఒక్క గింజా లేదు. చూపు కొట్టం ఊడ్చే సత్యమ్మ మీద పడింది.

"మల్ల షురూ చేసినవా?"

నిరుడు కరువులో సత్యమ్మ పేడలోంచి జొన్నలు ఏరింది. ఏడు నీళ్లు కడిగి, జ్వరంతో ఉన్న బిడ్డకు అంబలి కాచింది. పటేలు వచ్చి ఆ కుండను కాలితో తన్నాడు. "పేడల గింజ గూడ నాదేనే!" అన్నాడు. అంబలి నేలపాలైంది. మూడో నాటికి బిడ్డ మట్టిపాలైంది.

పాము పన్నెండేళ్లు పగబడుతుందంటారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ గడువు కూడా ఉండదు.

"పేడల గింజ ఒక్కటి నోట్లె వెట్టినా, సచ్చిన నా బిడ్డ మీద ఒట్టు, పటేలా," అంది సత్యమ్మ. కళ్లు దించలేదు.

పటేలు నమ్మితేగా! జీతగాడు రత్తయ్యను ఆమె గుడిసెకు తోలాడు. అతను కుండలో ఉన్న జొన్నలు మూటగట్టి తెచ్చాడు. డాక్టరు దోసిట్లో పోసుకుని వాసన చూశాడు.

"కొత్త పంట గింజలివి. పేడ వాసనే లేదు."

"కూలికిచ్చినయే గావచ్చు," అని గొణిగాడు పటేలు. డాక్టరు వెళ్లగానే సత్యమ్మ వైపు తిరిగాడు. "నానవెట్టుడెవరు, దంచుడెవరు! గింజలే వెయ్యి."

"గట్లనే, పటేలా."

పటేలు తిండికి కూర్చున్నాడు. భార్య సావిత్రమ్మ మూడో రొట్టె వేసింది. అతను తృప్తిగా తుంచి నోట్లో పెట్టుకున్నాడు.

"గీ యేడు జొన్నలు మస్తున్నయే. ఎన్ని తిన్నా ఇట్టే అరుగుతున్నయ్!"

ఆ ఇంటి రొట్టెలకు పిండి విసిరేది కూడా సత్యమ్మే.