చెయ్యెత్తినోడు

అంకుల్ జెండా ఎత్తలేదు.

రెండు చేతులూ తలమీద అడ్డంగా ఊపాడు. అంటే బంతి స్తంభాల బయటినుంచి పోయింది, పాయింటు లేదు.

నిఖిల తన్నిన చోటే నిలబడిపోయింది.

గేలిక్ ఫుట్‌బాల్ ఐర్లాండ్ వాళ్ళ ఆట. బంతిని చేత్తో పట్టొచ్చు, కాలితో తన్నొచ్చు. రెండు పొడవాటి స్తంభాల మధ్యగా పైనుంచి పోతే పాయింటు. అంపైరు తెల్లజెండా ఎత్తితేనే లెక్క. సింగపూర్‌లో ఈ ఆట ఆడేదే గుప్పెడుమంది, అందుకని అంపైర్లను కూడా జట్లే తెచ్చుకోవాలి. నిఖిల జట్టు తెచ్చుకున్నది ఈ అంకుల్‌నే.

ఫైనల్లో స్కోరు సమంగా ఉంది. ఆ ఒక్క జెండా లేస్తే కప్పు వీళ్ళదే. లేవలేదు. అవతలివాళ్ళు అటు పరుగెత్తుకెళ్ళి పాయింటు కొట్టేశారు. ఆట అయిపోయింది.

"అంకుల్ మన సైడ్ కదా లా" అంది ఆమని. జట్టులో ఇంకో తెలుగమ్మాయి, ఇక్కడే పుట్టి పెరిగింది, మాట చివర సింగపూర్ వాళ్ళ 'లా' తగిలిస్తుంది.

నిఖిలకు ఒళ్ళు మండిపోయింది. మండదా మరి?

చీరాలలో వాళ్ళింట్లో ఒక అద్దాల బీరువా ఉంది. అందులో నాన్న కేశవరావు కబడ్డీ కప్పులు, బాబాయి వాలీబాల్ షీల్డులు, అన్నయ్య బాలు పతకాలు. ఆడనివాళ్ళు ఆ ఇంట్లో మనుషులకింద లెక్కకాదు. నిఖిల కబడ్డీ జిల్లా దాటలేదు. సైన్స్ పార్క్‌లో ఉద్యోగానికొచ్చాక, ఆఫీసులో ఐరిష్ పిల్ల లాక్కెళితే ఈ ఆట పట్టుకుంది. కబడ్డీ చేతులు ఇక్కడ పనికొచ్చాయి. మోకాలు మాత్రం అరిగిపోయింది. ఈ సీజనుతో సరి అన్నాడు డాక్టరు. బీరువాలో తనకంటూ ఒక్క కప్పు పెట్టుకోవడానికి ఇదే ఆఖరి ఆట.

దాన్ని పోగొట్టింది పరాయివాడైతే సరిపెట్టుకునేది.

అంకుల్ కిందటేడు ఏదో పనిమీద ఇటు వచ్చి, తెలుగు మాట విని గ్రౌండు పక్కన ఆగాడు. "ఏ ఊరమ్మా?" అన్నాడు.

"చీరాల."

"ఇంటిపేరు?"

"గోరంట్ల."

ఆయన కాసేపు ఆమెనే చూశాడు. "బంతి బాగా పడతన్నావు" అన్నాడు. ఆ తరవాత ఒక్క ఆదివారం మానలేదు. పులిహోర డబ్బా పట్టుకుని జురాంగ్ వెస్ట్ నుంచి బస్సులో వచ్చేవాడు. నిఖిల మాత్రం ఆయన పేరు అడగలేదు. సింగపూర్‌లో అంకుల్‌కి వేరే పేరెందుకు?

ఇప్పుడు విసవిసా ఆయన దగ్గరికి నడిచింది.

"ఎందుకు చేశారంకుల్ ఇలా?"

"బంతి బైటనించి పోయింది తల్లీ."

బయటినుంచే పోయింది. తన్నినప్పుడే ఆమె పాదానికి తెలిసిపోయింది. ఆమె అడుగుతున్నది అది కాదు.

"అవతలి స్తంభం దగ్గరున్న రెండో అంపైరు కూడా మీకే వదిలేశాడు. జెండా ఎత్తితే మీ సొమ్మేం పోయేది?"

అంకుల్ అంపైరు తెల్లకోటు బొత్తాలు విప్పుకుంటున్నాడు.

"మనవాళ్ళు కదా అని నమ్మాను. మీరు తెచ్చిన పులిహోర తిన్నాను."

"ఆటలో ఒక్కసారి అబద్ధమాడానమ్మా. దాన్నే ఇంకా మోస్తన్నా. ఇంకోటి మొయ్యలేను."

"ఇంక మా గ్రౌండుకి రాకండి."

ఆయన తలూపాడు. జెండా చుట్టి గోల్ పక్కన పెట్టి, బస్ స్టాప్ వైపు వెళ్ళిపోయాడు.

తరవాతి ఆదివారం తెల్లకోటు ఉతికి, ఇస్త్రీ చేసి బెంచీ మీద ఉంది. మనిషి లేడు.

"అంకుల్ ఇండియా వెళ్ళిపోయాడు లా. కొడుక్కి ఇక్కడ కాంట్రాక్ట్ అయిపోయిందంట" అంది ఆమని. "ఫోన్ నంబర్ నీ దగ్గర లేదా? నీ అంకుల్ కదా."

"లేదు. పీడా పోయింది" అంది నిఖిల.

సాయంత్రం నాన్నకు ఫోన్ చేసింది.

"నీ చెయ్యెత్తినోడి లాంటివాడే నాకూ తగిలాడు నాన్నా."

చెయ్యెత్తినోడంటే ఆ ఇంట్లో తెలియనివాళ్ళు లేరు. నాన్న ఆడిన రాష్ట్ర కబడ్డీ ఫైనల్లో స్కోరు సమం. ఆఖరి రెయిడర్ ఇటువచ్చి, తిరిగి గీత దాటిపోయాడు. ఎవర్నైనా తాకాడో లేదో రిఫరీ చూడలేదు. ఎవరూ నోరు మెదపకపోతే గొడవే లేదు. నాన్న పక్కనున్నవాడు చెయ్యెత్తి, "నన్ను తాకాడు" అంటూ బయటికి నడిచాడు. కప్పు పోయింది. అదృష్టం బాగుండి ఆ సాయంత్రమే నాన్నను ఇండియా క్యాంపుకి తీసుకున్నారు, రైల్వేలో ఉద్యోగం వచ్చింది. చెయ్యెత్తినవాణ్ణి మళ్ళీ ఏ జట్టూ గడప తొక్కనివ్వలేదు.

"ఎవడమ్మా వాడు? ఫొటో ఉంటే పంపు" అన్నాడు కేశవరావు.

పంపింది. జట్టు ఫొటో, చివర తెల్లకోటులో అంకుల్.



"చూశావా నాన్నా?"

"ఈయన పేరు భద్రయ్యా?"

"పేరు తెలీదు. అంకుల్."

"ఎడం చెవి తమ్మె చీలి ఉంటదా?"

"ఉంటుంది. నీకు తెలుసా?"

"నా పక్కన ఆడినోడు."

నిఖిలకు అప్పుడు అర్థమైంది.

"ఆ చెయ్యెత్తినోడా? నిన్ను ముంచింది చాలక, ఇంటిపేరు అడిగి మరీ వచ్చి నన్నూ ముంచాడా?"

"నీతో ఏమన్నా చెప్పాడా?"

"ఆటలో ఒక్కసారి అబద్ధమాడాడంట. అదేం అబద్ధమో."

"ఇంకా అక్కడే ఉన్నాడా?"

"లేడు. రావద్దని నేనే తరిమేశా. పెద్ద నిజాయితీపరుడిలాగా..."

"ఆపమ్మా."

నాన్న అలా అనడం ఆమె ఎప్పుడూ వినలేదు.

"ఇండియా క్యాంపుకి మనుషుల్ని ఎంచేవాళ్ళు ఆ రోజు ముందు వరసలోనే కూర్చున్నారు" అన్నాడు కేశవరావు. "రెయిడర్ తాకింది భద్రయ్యని కాదమ్మా, నోరు మూసుకుని నిలబడ్డ నన్ను."