తెలుగు రాని మనిషి

నయా రాయపూర్‌లో రాత్రి ఎనిమిదింటికే రోడ్ల మీద మనిషి అలికిడి ఉండదు. ఆరో అంతస్తు ఫ్లాట్‌లో ఫణిశ్రీ పడకగది తలుపు మూసి, ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. స్క్రీన్ మీద కౌన్సిలర్ మాలతి, విశాఖపట్నం నుంచి. తెలుగులో మాట్లాడవచ్చనే ఫణిశ్రీ ఆమెను ఎంచుకుంది. హాల్లో టీవీ చూస్తున్న భర్త హేమంత్ సాహుకి తెలుగు ముక్క రాదు. పద్దెనిమిదేళ్ల కాపురమూ హిందీలోనే గడిచింది. ఆమె అమ్మతో ఫోన్లో మాట్లాడినప్పుడల్లా అతను విసుగ్గా టీవీ సౌండు పెంచేవాడు.

"కొంచెం నెమ్మదిగా చెప్పండి. ఆయన వింటారేమో," అంది మాలతి.

"వింటే ఏటవుద్దండీ? గోడకి చెప్పినా ఒకటే, ఆయనకి చెప్పినా ఒకటే."

ఫణిశ్రీ కావాలనే గొంతు పెంచింది.

"అమ్మ ఉండే తిల్దా ఊరు ఇక్కడికి గంట దూరం. అమ్మ పోతే ఆయన నన్ను ఆఖరిచూపుకి కూడా పంపలేదు. ఆ రోజు నుంచి రాత్రిపూట లేచి, ఆయనకి ఊపిరాడతందో లేదో చూస్తన్నాను. ఆడతంటే ఏడుపొస్తాది."

హాల్లో టీవీ ఆగిపోయింది.

మాలతి ఏదో అడిగింది. ఫణిశ్రీకి అది వినబడలేదు. హాల్లోంచి చెప్పుల చప్పుడు వచ్చి తలుపు దగ్గర ఆగింది.

తలుపు అవతల హేమంత్ గొంతు మెల్లగా పలికింది. గొంతు అతనిదే. యాస మాత్రం అచ్చం అమ్మది.

"ఇయ్యాల నువ్వు తొంగో, ఫణీ. ఊపిరాడతందో లేదో నాను చూస్తాను."