సుత్తితో కసరత్తు

ఫిజియోథెరపీ చదివి సిరిసిల్లలో క్లినిక్ తెరిచిన మహావైద్యుడినైన నాకు తొలి రోగి మా పెద్దబాపు లక్ష్మీరాజం. నాలుగు సాంచల ఆసామి. ఆ మరమగ్గాల మీద పనిచేసీ చేసీ కుడి మణికట్టు సడలి, టీ గ్లాసు పట్టినా చెయ్యి వణికేది.

చేతిని బల్ల అంచున వేలాడదీసి మెల్లగా లేపడం, తడి తువ్వాలు పిండడం గంభీరంగా నేర్పాను. ఇక బరువు పట్టుకుని మణికట్టు తిప్పాలన్నాను. ఆయన కార్ఖానా నుంచి పెద్ద సుత్తి తెచ్చుకున్నాడు.

"డంబెల్ ఇస్త కదా పెద్దబాపు, గీ సుత్తి ఎందుకు?"

"నీ గులాబీరంగు బొమ్మలతోని నాకేం పనిరా? గిదే చేతికి అలవాటు గావాలె."

"గంత తొందరేంది? సాంచలు యాడికన్న ఉరుకుతున్నయా?"

ఆయన నవ్వలేదు. "వణుకుడు ఎప్పుడు వోతదో చెప్పు, డాక్టర్ సాబ్."

నిన్న చాచిన చేతిలో సుత్తి కదలకుండా నిలిచింది. నా ఘనవిజయాన్ని కళ్లారా చూద్దామని ఆయన వెంట కార్ఖానాకు వెళ్లాను. లోపల చప్పుడు లేదు. వాకిట్లో పాత ఇనుము కొనేవాళ్ల ట్రాలీ ఆగి ఉంది.

"గిరాకి లేక పాత ఇనుము కింద అమ్మిన. పలగ్గొట్టుడు మేమే చేస్తమన్నరు. మా బాపు పెట్టిన సాంచలు కొడుకా, పరాయోళ్ల చేతుల పెట్ట. వణికే చేతితోని కొడితే ఒక్క దెబ్బకు పోవు."

సుత్తి లేచింది. మణికట్టు ఇసుమంతైనా వణకలేదు.

నా వైద్యం పూర్తిగా ఫలించింది.