ఆ లైను కొట్టేయండి

గేటు దగ్గరి పుస్తకంలో ‘వచ్చిన పని’ అన్న గడిలో ముసలాయన ఇలా రాశాడు: ‘ఒక లైను కొట్టేయించడానికి.’

గార్డు నవ్వాపుకుని ఆయన్ని ప్రచార విభాగానికి పంపాడు.

అక్కడ ఒక అమ్మాయి కంపెనీ పెద్దల బయోడేటాలు రాస్తూ ఊపిరి సలపకుండా ఉంది. గనులు తవ్వి, కరెంటు ప్లాంట్లు కట్టే కంపెనీ అది. కొత్త గనికి పెట్టుబడి పెట్టేవాళ్ళ కోసం పుస్తకం వేస్తున్నారు. నాలుగింటికల్లా ప్రెస్సుకు వెళ్ళాలి. ఆ అమ్మాయి చేరి మూడు నెలలే అయింది, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

“ఏ లైను, తాతగారూ?”

ముసలాయన గోడ మీది ఛైర్మన్ పోస్టరు వైపు గడ్డం ఎత్తాడు. ఫొటో కింద పెద్ద అక్షరాలు: ‘గని ఈయన చేతికి వచ్చిన నాటి నుంచి ఒక్క ప్రాణం కూడా పోలేదు.’

“అదిగో, అదే.”

అమ్మాయి గొంతు తగ్గించింది.

“మీవాళ్ళెవరైనా పోయారా?”

“ఎవరూ పోలేదు. అందుకే కొట్టేయమంటున్నా.”

“నిజమైతే కొట్టేయడం ఎందుకండీ?”

“నిజమే. కానీ ఆ గొప్ప ఆయనది కాదు. సొమ్మొకడిది, సోకొకడిదీనా?”

చొక్కా జేబులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచాడు. ‘ఆజ్ఞ ధిక్కరించినందుకు ఉద్యోగం నుంచి తొలగించడమైనది.’ కింద సంతకం ఛైర్మన్‌ది. అప్పట్లో ఆయన గని ఇన్‌చార్జి.

“ఇది నా బయోడేటా. ఒక్క లైనే. దీన్ని చూసి ఇంకే గనిలోనూ నన్ను గడప తొక్కనివ్వలేదు. సైకిళ్ళకు పంక్చర్లు వేసుకుని బతికాను.”

“ఇంతకీ మీరేం చేశారు?”

“నేను చెప్తే సొంత డబ్బా అవుతుందమ్మా. దీని మీద తేదీ ఉంది. రికార్డు గదిలో ఆ రోజు రిజిస్టరు తీసి చదువుకో.”

“మరి మీకేం కావాలి? పరిహారమా?”

“పైసా వద్దు. ఆయన లైను పక్కనే నా లైను కూడా వెయ్యండి. లేదంటే రెండూ తీసేయండి.”

మాటలు విని మేనేజరు గదిలోంచి బయటికొచ్చాడు.

“ఏంటయ్యా గోల? టీ తాగి వెళ్ళు.”

“టీ మా వీధిలోనూ దొరుకుతుంది.”

“ఉద్యోగం పోయినవాళ్ళందరికీ ఇదే కడుపుమంట. గార్డూ!”

“అప్పుడూ గార్డునే పిలిచారు. అప్పుడూ నేను తగ్గలేదు.”

గార్డు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

“చెయ్యి తియ్యి నాయనా. నడవడం నాకొచ్చు.”

అమ్మాయి ఒక్క మాట అడ్డం వేసి ఉండొచ్చు. కానీ గడియారం చూసింది. మూడూ ఇరవై. మళ్ళీ బయోడేటాల మీదికి వంగింది.

“అది జిరాక్సే, ఉంచుకో. తీరికున్నప్పుడు రిజిస్టరు చూడు,” అని చెప్పి ముసలాయన వెళ్ళిపోయాడు.

పుస్తకం నాలుగింటికి ప్రెస్సుకు వెళ్ళింది.

నెల తిరిగింది. పెట్టుబడి పెట్టేవాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ‘ఒక్క ప్రాణం పోలేదన్నారు. ఆధారం పంపండి.’

“రికార్డు గదిలో ఏదో ఒకటి దొరుకుతుంది, చూడు,” అన్నాడు మేనేజరు.

దుమ్ము కొట్టుకుపోయిన ఆ గదిలో అమ్మాయి చెయ్యి తిన్నగా ఆ తేదీ దగ్గరికే పోయింది.

‘ఉదయం షిఫ్టు. గ్యాసు వాసన వస్తోందని లిఫ్టు నడిపేవాడు మనుషుల్ని గనిలోకి దింపనన్నాడు. ఇన్‌చార్జి ఆజ్ఞాపించినా వినలేదు. లిఫ్టు గదిలో దూరి గడియ పెట్టుకున్నాడు. నలభై నిమిషాలకు గని అడుగున పేలుడు. ప్రాణనష్టం లేదు.’

దాని కిందే వేరే సిరాతో మర్నాటి రాత: ‘పేలుడు జరిగినంత మాత్రాన ధిక్కారం ఒప్పు కాదు.’

అమ్మాయి వెనక పేజీ కూడా తిప్పి చదివింది. చదివి, అలాగే లేచి బయటికి పరిగెత్తింది.

జిరాక్సు వెనక ముసలాయన రాసిన చిరునామా ఒక సైకిల్ షాపుది. షట్టరు వేసి ఉంది. తాత గురించి అడిగితే పక్కన దర్జీ మిషను ఆపాడు.

“ఇంకెక్కడి తాత, అమ్మా! పోయి తొమ్మిది రోజులైంది. మహా మొండిఘటం. ఆస్పత్రిలో కూడా డాక్టర్ల మాట వింటేగా! నన్ను మాత్రం రోజూ ఒకటే అడిగేవాడు, కంపెనీ నుంచి ఎవరైనా వచ్చారా అని.”

ఆ అమ్మాయికి ముందు సిగ్గేసింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

ఆఫీసుకు తిరిగొచ్చి రిజిస్టరు పేజీలు రెండూ, తొలగింపు ఉత్తరమూ కలిపి కవర్లో పెట్టింది.

మేనేజరు చూసి అదిరిపడ్డాడు.

“నీకేమన్నా మతిపోయిందా? పేలుడు సంగతి మనమే చాటింపు వేసుకుంటామా? ‘ప్రాణనష్టం లేదు’ అన్న ముక్క ఒక్కటీ పంపు.”

“మొత్తం వెళ్తుంది సార్.”

“ఇది నా ఆర్డరు.”

“విననండి.”

“ఛైర్మన్ గారికి తెలిస్తే నీకూ ఇలాంటి ఉత్తరమే ఇస్తారు.”

“ఇవ్వనివ్వండి. ఫ్రేము కట్టించుకుంటా. ముందు మీరు ఆ వెనక పేజీ చదవండి.”

మేనేజరు విసురుగా పేజీ తిప్పాడు.

ఆ పొద్దున గనిలోకి దిగడానికి లిఫ్టెక్కి నిలబడిన ఇరవై నలుగురి పేర్లలో మొట్టమొదటిది ఛైర్మన్‌ది.