తగ్గించి రాసిన ఏడాది

“పెంచమంటున్నావా, తగ్గించమంటున్నావా?” ఉదయభాస్కర్ మాస్టారు మళ్లీ అడిగారు.

“పెంచాలండి. ఒక్క ఏడు,” అన్నాడు లోవరాజు. చెప్పులు గుమ్మం బయటే విడిచి, హెడ్మాస్టరు బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మాస్టారు కళ్లజోడు తీసి బల్ల మీద పడేశారు. పదహారు నిండిన మగపిల్లలంతా యుద్ధానికి పోవాలన్న చట్టం వచ్చి మూడేళ్లయింది. అప్పటినుంచి పెనుగొండ చుట్టుపక్కల తండ్రులు ఈ గదికి వస్తూనే ఉన్నారు. అందరిదీ ఒకటే మాట, వయసు తగ్గించమని. కొందరికి తగ్గించారు. కొందరికి కుదరలేదు. కుదరనివాళ్ల ముఖాలే నిద్దట్లో కనిపిస్తాయి. పెంచమని వచ్చినవాడు మాత్రం ఇతనొక్కడే.

“మీ కిరణ్‌ని బళ్లో చేర్చింది నీ భార్యరా. ‘ఒక ఏడు తగ్గించి రాయండి మాస్టారండీ, రేపు గవర్నమెంటు ఉద్యోగానికి వయసు కలిసొస్తుంది’ అంది పాపాయి. ఊరందరికీ రాసినట్టే వాడికీ రాశాను. ఆ తల్లి పోయినా ఆ ఏడు వాణ్ణి కాపాడుతోంది. దాన్ని కొట్టేయమంటావా?”

“వాడికి నిజంగానే పదహారు నిండాయి కదండీ. నిజమే రాయమంటున్నాను.”

“నిజం! కాలవ నీటి వంతు కోసం సొంత తమ్ముడి మీదే అబద్ధమాడినోడివి. ఇవాళ నిజం కావాల్సొచ్చిందా?”

మాస్టారు బడి రిజిస్టరు లాక్కుని కిరణ్ పేరున్న పేజీ తిప్పారు.

“వాణ్ణి తునిలో మీ అక్క వీరదుర్గ ఇంట్లో దాచావు కదా?”

“రెండు నెలల కిందటే ఎత్తు చూసి పట్టుకుపోయారండి. పొద్దున నిడదవోలు స్టేషన్లో దింపారు. మిలట్రీ వాళ్ల దగ్గరున్నాడు.”

“ఏడిశావ్! మన రిజిస్టరు నకలు చూపించకపోయావా?”

“చూపించానండి. పదిహేనేళ్లవాడు మా సైన్యంలోనే లేడన్నారు.”

“ఇంకేం మరి! అంతకన్నా ఏం కావాల్రా నీకు?”

“పదహారని కాగితం తెస్తేనే నా చేత సంతకం పెట్టించుకుంటారంటండి. ఐదింటికి రైలు కదిలిపోద్ది. తొందరగా రాసివ్వండి.”

మాస్టారు అతనికేసి చూశారు. మాసిన గడ్డం, చెమటకి వీపుకంటుకున్న చొక్కా. కళ్లల్లో తడి లేదు. బతిమాలడం కూడా లేదు. ఎరువుల కొట్టు దగ్గర వరసలో నిలబడ్డవాడిలా నిలబడ్డాడు.

“తోటి పిల్లలున్నారా అక్కడ?”

“పన్నెండుమంది ఉన్నారండి. తొమ్మిదిమందికి వాళ్లవాళ్ల నాన్నలు వచ్చి సంతకం పెట్టారు.”

“తొమ్మిదిమంది తండ్రులా! సిగ్గు లేదురా మీకు?” మాస్టారు బల్ల మీద చరిచారు. “పెళ్లాం పోయాక నీ గుండె బండైపోయింది. అన్నం వండి పెట్టలేక వదిలించుకుంటున్నావా వాణ్ణి?”

“తిట్టండి మాస్టారండీ. రాస్తూ తిట్టండి.”

మాస్టారు రిజిస్టరు మూసేసి దాని మీద రెండు చేతులూ పెట్టుకున్నారు. ఇన్నేళ్లలో ఆయన ఇన్ని అబద్ధాలు రాశారు. ఒక్క నిజం రాయడానికి చెయ్యి లేవలేదు.

“రాయను. నా చేత్తో ఆ పిల్లాణ్ణి చంపలేను, ఫో.”

లోవరాజు కదల్లేదు. నెమ్మదిగా అన్నాడు.

“పదహారు లేకపోతే శవాన్ని ఇవ్వరటండి.”