బల్లకు ముందురోజు

"దేవుడు నిన్ను ఏర్పరచుకున్నాడని నమ్మకముందా, పెద్దాయనా?"

పాల్ రాజును అడిగాడు సంఘ పెద్ద జయపాల్.

"ఆయన మీద నమ్మకముంది. నా మీదే లేదప్పా."

"బస్సెక్కి, టికెట్టుందో లేదో తెలీదన్నట్టుండాది!" అని నవ్వాడు పక్కనున్న ఇంకో పెద్ద, సామ్యూల్.

పాల్ రాజు కూడా నవ్వాడు.

ప్రొద్దుటూరులోని ఆ చిన్న క్రైస్తవ సంఘంలో ప్రభువు బల్ల, అంటే యేసు పేరిట రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం, మూడు నెలలకొకసారే. ముందురోజు పెద్దలు విచారించి ఒప్పుకుంటేనే రొట్టె. అనర్హుడికిస్తే ఆ పాపం ఇచ్చినవాళ్లకూ చుట్టుకుంటుందని జయపాల్ భయం.

పాల్ రాజు ఎర్రగుంట్లలో ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీకి కాపలాదారు. ఏడాదిగా వస్తున్నాడు. చివరి బెంచీలో కూర్చుని వెళ్లిపోతాడు. అంతకుమించి ఎవరికీ తెలియదు.

"పాత సంఘం నుంచి సభ్యుడివని ఉత్తరం తెచ్చినావా?"

"లేదప్పా. పులివెందుల దిక్కు పల్లె. ఆడికి పోయే మొగం లేదు నాకు."

పెద్దలిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఏదో తప్పు చేసి వచ్చినవాడే!

"అయితే ఈసారికి వద్దు. మూడు నెలలాగు."

"సరేప్పా. నువ్వేం దిగులు పెట్టుకోవాకు."

రొట్టె దక్కని మనిషి తనకే ధైర్యం చెప్పడం జయపాల్‌కు వింతగా తోచింది.

మరునాడు రొట్టె పళ్లెం చివరి బెంచీదాకా వచ్చింది. పాల్ రాజు దాన్ని రెండు చేతులా అందుకుని, పక్కవాళ్లకు అందించాడు.

రెండు నెలలు గడిచాక ఒకరోజు ఫ్యాక్టరీ యజమాని నూర్ అహ్మద్ ఫోన్ చేశాడు.

"జయపాలన్నా, మీ పెద్దాయన పొద్దున షెడ్డులోనే పోయినాడు. గుండె ఆగింది. ఎవరూ లేరంట గదా, మీరే రావాల."

మా సభ్యుడు కాదనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

ఆధార్ కార్డులో ఉన్న ఊరికి జయపాలే కబురు తీసుకెళ్లాడు. ప్రార్థన మందిరం ఊడుస్తున్న నరసమ్మకు సెల్‌ఫోన్‌లో ఫొటో చూపించాడు.

"యాడుండాడు నాయనా? మాకు కోపం లేదని చెప్పాలని ఆరేండ్ల నుంచి ఎతుకుతాండాం!"

"పోయినాడమ్మా. ఈపొద్దే."

ఆమె చీపురు పక్కన పెట్టి, సెల్‌ఫోన్‌ను రెండు చేతులా అందుకుంది.

జయపాల్ అలవాటైన ప్రశ్నే అడిగాడు.

"ఈయన మీ సంఘంలో సభ్యుడేనా?"

"సభ్యుడేంది నాయనా, ఈయనే మా పాస్టరయ్య. నమ్మకం చాల్లేదని నా బిడ్డకు రొట్టె వద్దన్నాడు, అది వారానికే జరమొచ్చి పోతే, ఇంకెవురినీ వద్దనలేనని బైబిలు నా చేతిలో పెట్టి ఎళ్లిపోయినాడు."