హైమ కేక

"మీ హైమ పోయి ఏడాది తిరిగొచ్చె, ఇంకా కోర్టులో కేకలేస్తానే ఉందంట గదే! జట్టులోని పిల్లే మా అల్లుడితో చెప్పిందంట" అని పక్కింటి పేరమ్మ అమ్మతో అన్నదట. అమ్మ ఆ మాట ఫోనులో చెప్పి, "నిజమేనటే ఝాన్సీ?" అని అడిగింది.

నిజమే మరి. మగవాళ్ళ జట్టయినా ఆడవాళ్ళదయినా, ఇప్పుడు వాలీబాల్‌లో నోటితో అరిచేవాళ్ళు లేరు. బంతి ఎవరిదో చెవిలో పెట్టుకునే చిన్న యంత్రం, చెవిబిళ్ళే కనిపెట్టి, వాళ్ళ గొంతుతోనే "నాది!" అని అందరి చెవుల్లో అరుస్తుంది. అది వినగానే మిగతావాళ్ళు తప్పుకోవాలి. ఇదే జట్టులో ఆడిన అక్క హైమ పోయాక ఆమె గొంతును కోచ్ చెవిబిళ్ళల్లోంచి తీయించలేదు. "లే, లే, ఇంకా పోలేదు!" అని హుషారు చేయడానికి ఉంచేశాడు. అంతకుమించి అది ఎన్నడూ మాట్లాడలేదు.

లీగుకు ముందు జరిగే ఈ కప్పులో నెగ్గుకొస్తేనే అక్క చోటు ఝాన్సీకి ఖాయమవుతుంది. ఫైనల్లో ఆఖరి సెట్టు, ఆఖరి పాయింటు. బంతి తిన్నగా ఝాన్సీ మీదికే వచ్చింది. చేతులు చాచింది.

"నాది!" అంది హైమ, చిన్నప్పుడు పెరట్లో కసిరినట్టే.

ఝాన్సీ కాళ్ళు వాటంతటవే పక్కకు జరిగాయి. జట్టంతా జరిగింది. ఖాళీ చోట బంతి దబ్బున పడింది. కప్పు పోయింది.

"చేతికొచ్చిన బంతిని వదిలేస్తావా? బుద్ధుందా నీకు?" కోచ్ మీదికొచ్చాడు.

ఝాన్సీ చెవిబిళ్ళ పీకి ఆయన అరచేతిలో పెట్టింది.

"అక్క నాదంది, వదిలేశా. ఎందుకు లేపలేదో దాన్నే అడగండి సార్."